సముద్రం పక్కనే ఉన్నా ఎడారి ఎందుకు పచ్చబడదు?

మా చిన్నాయన కొడుకు ఎనిమిదేళ్లుగా దుబాయ్‌లో చెట్లకు నీళ్లు పెట్టే పని చేస్తున్నాడు. జగిత్యాల దగ్గర నాలుగెకరాల చల్క నేలను తండ్రికి వదిలేసి వెళ్లాడు. అక్కడ రోడ్ల పక్కన ఖర్జూర చెట్ల మొదళ్లలో నల్ల పైపులు సరిచేస్తూ, పూడుకుపోయిన డ్రిప్పు రంధ్రాలు పొడుస్తూ బతుకు వెళ్లదీస్తున్నాడు. మొన్న మే నెలలో సెలవు మీద వచ్చి హైదరాబాద్‌లో మా ఇంట్లో రెండు రోజులున్నాడు. సాయంత్రం మేడ మీద కూర్చున్నప్పుడు అడిగాడు.

"సముద్రం పక్కకే ఉన్నది గదన్నా. గా ఉప్పునీళ్లను మంచిగ చేసి ఇసుకల పారిస్తే దేశమంత పచ్చగైతది గదా. పైసలకు కొదువ లేదు వాళ్లకు. మరెందుకు చేస్తలేరు?"

చదువుకున్నవాళ్లు కూడా చాలామంది ఇదే అడుగుతారు. ఎడారిలో చెట్లు పెంచామని వచ్చే వీడియోలు చూసినప్పుడల్లా, డబ్బూ పట్టుదలా ఉంటే చాలన్నట్టే అనిపిస్తుంది. వాడి చేతిలోని పనిలోనే సగం జవాబుంది. దుబాయ్‌లో రోడ్ల పక్క చెట్లకూ పార్కులకూ పెట్టే నీళ్లు ఎక్కువగా ఇళ్ల మురుగును శుద్ధి చేసినవి. సముద్రం నుంచి తీసిన మంచినీళ్లు ముందు మనిషి తాగాలి, స్నానం చేయాలి, ఆ తర్వాత మిగిలిందే చెట్టుకు. అంత సంపన్న నగరం కూడా ఒకే నీటిని రెండుసార్లు వాడుకుంటోంది.

మిగతా సగం జవాబు కోసం మేడ మీద పిట్టలకు పెట్టిన టబ్బు చూపించాను. రోజూ పొద్దున అంచు దాకా నింపుతాను. మే నెలలో మర్నాటికల్లా దాదాపు ఒక సెంటీమీటరు తగ్గిపోతుంది. పిట్టలు తాగేది అందులో ఎంతో ఉండదు, ఎండా గాలీ తాగేదే ఎక్కువ. ఆ సెంటీమీటరును ఎకరం మీద పరిచి చూడండి. ఎకరం నేల మీద ఒక మిల్లీమీటరు నీరంటే సుమారు 4,000 లీటర్లు. సెంటీమీటరంటే 40,000 లీటర్లు, అంటే ఎండాకాలంలో మన కాలనీలకు వచ్చే పదివేల లీటర్ల ట్యాంకర్లు రోజుకు నాలుగు. చెట్లు టబ్బులోని నీటిలా ఆవిరి కావు కానీ, ఆకులు తెరుచుకుని బతకాలంటే అవీ నీటిని గాలిలోకి వదలక తప్పదు. ఎడారిలో ఏడాది పొడవునా నిండుగా పచ్చగా ఉండే నేలకు 1,500 మి.మీ. నీరు కావాలని తక్కువలో తక్కువ వేసుకుందాం. ఎకరానికి 60 లక్షల లీటర్లు, 600 ట్యాంకర్లు.

ఇప్పుడు కరెంటు. సముద్రపు నీటిని పొరల గుండా నెట్టి ఉప్పు వడగట్టే ఆధునిక ప్లాంట్లలో వెయ్యి లీటర్లకు 3 నుంచి 4 యూనిట్లు ఖర్చవుతుంది. నలభై ఏళ్ల కిందటితో పోలిస్తే ఇది చాలా తక్కువ. ఇంకా తగ్గించడానికి భౌతికశాస్త్రం ఒప్పుకునే చోటు పెద్దగా లేదు, ఎందుకంటే ఉప్పునూ నీటినీ విడదీయడానికే కొంత శక్తి తప్పనిసరి. మూడున్నర యూనిట్ల చొప్పున లెక్కేస్తే ఎకరానికి ఏడాదికి 21,000 యూనిట్లు. నెలకు 250 యూనిట్లు కాల్చే ఇళ్లు ఏడింటికి ఏడాదంతా సరిపోయే కరెంటు. తీరం నుంచి లోపలికి పంపడానికీ, ఎత్తు ఎక్కించడానికీ అయ్యేది వేరే. ఎత్తిపోతల కరెంటు బిల్లుల గురించి పత్రికల్లో చదివే మనకు ఆ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. ఒక చదరపు కిలోమీటరుకు 247 ఎకరాలు. సహారా సుమారు 90 లక్షల చదరపు కిలోమీటర్లు.

ఖర్చు సంగతి పక్కన పెట్టినా ఉప్పు ఉంది. మా మేడ మీద మట్టికుండీలకు బోరు నీళ్లు పోస్తాం. రెండేళ్లకల్లా కుండీ బయట నడుం దాకా తెల్లటి పొక్కు కడుతుంది, గోటితో గీకితే రాలుతుంది. నీరు కుండీ గోడల్లోంచి బయటికొచ్చి ఆవిరైపోతుంది, అందులోని లవణాలు అక్కడే నిలిచిపోతాయి. వాడు చూసి వెంటనే గుర్తుపట్టాడు: "మా డ్రిప్పు బొక్కల చుట్టు గిదే పేరుకుంటదన్నా." పొలంలో జరిగేదీ ఇదే. శుద్ధి చేసిన సముద్రపు నీటిలో కూడా లీటరుకు 0.3 గ్రాముల ఉప్పు మిగిలిందనుకుందాం, తాగడానికి అది మంచినీళ్లే. కానీ 60 లక్షల లీటర్లు పారితే ఎకరంలో ఏడాదికి 18 క్వింటాళ్ల ఉప్పు దిగుతుంది. వాన బాగా పడే చోట దాన్ని వానే కడిగి కిందికి తోసేస్తుంది. ఎడారిలో కడిగేవాళ్లు లేరు. కడగాలంటే ఇంకా నీళ్లు పోయాలి, ఆ ఉప్పునీరు బయటికి పోయే కాలువలు తవ్వాలి.

కాలువలున్న చోట ఇది కళ్ల ముందే జరిగింది. 1958లో పని మొదలైన రాజస్థాన్ కాలువ, ఇప్పటి ఇందిరాగాంధీ కాలువ, సట్లెజ్, బియాస్ నదుల నీటిని సుమారు 650 కిలోమీటర్లు నడిపించి థార్‌లోకి తెచ్చింది. గోధుమ, పత్తి, ఆవాలు పండాయి, లక్షల కుటుంబాలు నిలదొక్కుకున్నాయి. దాన్ని తక్కువ చేయడానికి లేదు. కానీ కొన్ని ప్రాంతాల్లో ఇసుక అడుగున నీరు దిగని గట్టి పొర ఉంది. పారించిన నీరు దాని మీద నిలిచి, పైపైకి ఉబికి, పొలాలు చౌడుబారాయి. ఎడారిలో పొలాలు జలమయం కావడం వింతగా వినిపించినా, నీటిని తేవడంతో పాటు బయటికి పోయే దారి కూడా వేయాలని గట్టిగా నేర్పింది ఆ అనుభవమే.

సౌదీ అరేబియాది ఇంకో పాఠం. వేల ఏళ్ల కిందట వానలు బాగా పడిన కాలంలో భూమిలో చేరిన నీటిని తోడి, 1980లలో గోధుమ పండించి ఎగుమతి కూడా చేసింది. ఆ నీరు తిరిగి ఊరేది కాదు. 2008లో సాగు తగ్గించాలని నిర్ణయించి, 2016 నాటికి ప్రభుత్వం స్థానిక గోధుమల కొనుగోలు ఆపేసింది. మన బోర్లు ఎండిపోతే ఒక మంచి వానాకాలం మీద ఆశ పెట్టుకుంటాం. వాళ్లకు ఆ ఆశ కూడా లేదు.

అయితే ఆకాశం నుంచే రప్పించవచ్చు కదా? ఇక్కడ చాలామంది ఒక విషయం దగ్గర పొరబడతారు. దుబాయ్‌లో ఆగస్టు రాత్రి చొక్కా పిండితే నీళ్లు కారతాయని మావాడే చెబుతాడు. గాలిలో అంత తేమ ఉండి కూడా వాన ఎందుకు పడదు? తేమ ఒక్కటే చాలదు, ఆ గాలి పైకి లేచి చల్లబడాలి. భూమధ్యరేఖ దగ్గర వేడెక్కి లేచిన గాలి తన వానంతా అక్కడే కురిపించేసి, పొడిబారి, రెండు వైపులా దాదాపు 20-30 డిగ్రీల అక్షాంశాల దగ్గర కిందికి దిగుతుంది. దిగే గాలి నలిగి వేడెక్కుతుంది. నేల దగ్గర లేచే తేమ మీద అది మూతలా కూర్చుంటుంది. సహారా, అరేబియా ఆ మూత కిందే ఉన్నాయి. చిలీలోని అటకామా, ఆఫ్రికాలోని నమీబ్ తీరాలకు చల్లని సముద్ర ప్రవాహాలు తోడయ్యాయి. మన అనంతపురానికి పడమటి కనుమలు అడ్డం. నైరుతి మేఘాలు అటు కురిసి ఇటు ఖాళీగా వస్తాయి.

మేఘమథనం అన్న మాట మనవాళ్లకు కొత్త కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2000ల తొలి దశాబ్దంలో అనంతపురం వైపు విమానాలు తిరిగిన రోజులు చాలామందికి గుర్తే. సిల్వర్ అయొడైడ్, కాల్షియం క్లోరైడ్ వంటివి మబ్బులో చల్లితే నీటి బిందువులు వాటి చుట్టూ చేరి బరువెక్కి రాలుతాయి. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ 2018, 2019లో షోలాపూర్ ప్రాంతంలో జాగ్రత్తగా చేసిన ప్రయోగంలో, గాలివాటున సుమారు 100 చదరపు కిలోమీటర్ల మేర 18 శాతం ఎక్కువ వాన పడినట్టు తేలింది. అది మంచి ఫలితమే. కానీ తగిన మబ్బు ఉంటేనే. పొదుగులో ఉన్న పాలను ఇంకాస్త పిండుకునే పద్ధతి ఇది, ఎండిపోయిన పొదుగుకు పనికిరాదు.

గాలిలోని తేమను నేరుగా పట్టే పద్ధతులు రెండున్నాయి. చిలీ తీరంలోని చుంగుంగో ఊరికి 1990లలో కొండ మీద కట్టిన ప్లాస్టిక్ వలలే మంచినీళ్లిచ్చాయి. సముద్రం మీంచి వచ్చే పొగమంచు ఆ దారాల మీద బొట్లుగా చేరి కిందికి కారేది. మొరాకోలోనూ ఇలాంటి వలలున్నాయి. పొగమంచు లేని పొడి ఎడారికి రెండోది. లోహ పరమాణువులనూ కర్బన అణువులనూ తేనెపట్టులా అల్లిన ఒక పొడి రాత్రి తేమను పీల్చుకుని, పగలు ఎండకు వదులుతుంది. ఇలాంటి పదార్థాల మీద చేసిన కృషికే సుసుము కిటగావా, రిచర్డ్ రాబ్సన్, ఒమర్ యాఘీలకు 2025లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. యాఘీ బృందం అరిజోనా ఎడారిలో దీన్ని పరీక్షించి నీరు తీసి చూపించింది. జోర్డాన్‌లో నీళ్లు కరువైన ఇంట్లో పెరిగిన మనిషి ఆయన. ఆ పని చూస్తే నాకు నిజంగా ఆనందం కలుగుతుంది.

కానీ పొలం లెక్క వేరు. 30 డిగ్రీల వేడి, 30 శాతం తేమ ఉన్న ఘనమీటరు గాలిలో ఉండేది 9 గ్రాముల నీరే. పదడుగుల ఎత్తున్న 10x12 బెడ్‌రూములు మూడింటిలోని గాలినంతా ఒక్క చుక్క వదలకుండా పిండితే దాదాపు ఒక లీటరు. పైగా ఆవిరిని నీరుగా మార్చేటప్పుడు వచ్చిపోయే వేడి, అదే లీటరు సముద్రపు నీటిని శుద్ధి చేయడానికి పట్టే శక్తికి రెండు వందల రెట్ల దాకా ఉంటుంది. ఎండ ఉచితమే కావచ్చు, పరికరం ఉచితం కాదు. ఒక కుటుంబం దాహం తీర్చడానికి ఇది గొప్ప మార్గం. ఎకరం గడ్డికి కాదు.

ఇంతదాకా వచ్చేసరికి మావాడి మొహం చిన్నబోయింది. "అంటే ఏం కాదంటవా?" అన్నాడు.

అవుతుంది. ఎక్కడి నుంచో నీళ్లు తేవాలన్న ఆలోచన పక్కన పెట్టి, పడిన కాస్త వాన ఎటు పోతోందో వెతికిన చోటల్లా అయింది. ఎడారిలోనూ ఎడారి అంచునా కురిసే వాన తక్కువే, కానీ దబ్బున కురుస్తుంది. గట్టిపడిన నేల మీద జారి వాగులో పడి పోతుంది, మిగిలింది రెండు రోజుల్లో ఎండకు పోతుంది. ఈ రెండు కంతలూ పూడ్చడమే అసలు విద్య.

పాలస్తీనా దక్షిణాన, ఇప్పుడు ఇజ్రాయెల్‌లో ఉన్న నెగెవ్ ఎడారిలో ఏడాదికి 100 మి.మీ. వాన కూడా సరిగా పడదు. రెండు వేల ఏళ్ల కిందట నబాతియన్లు అనే పాత అరబ్బు జాతివాళ్లు అక్కడ పంటలు పండించారు. మైకేల్ ఎవెనారి అనే వృక్షశాస్త్రవేత్త 1950ల చివర్లో అవదాత్ దగ్గర ఆ పాత పొలాలను మళ్లీ కట్టి వాటి రహస్యం చూపించాడు. ఎకరం పొలానికి చుట్టూ 20, 30 ఎకరాల గుట్ట వాలును పరీవాహకంగా వదిలి, చిన్న గోడలతో ఆ నీటిని పొలంలోకి మళ్లించేవారు. ఎకరానికి దక్కేది అనంతపురం వానకు దగ్గరగా వచ్చేది. ఇందులోని మెలిక ముఖ్యం: ఇరవై ఎకరాలు బోడిగా ఉంటేనే ఒక ఎకరం పచ్చగా ఉంటుంది. అంతా పచ్చగా చేయాలని చూస్తే ఏదీ బతకదు.

బుర్కినా ఫాసోలో యకూబా సవడోగో అనే రైతు 1980ల కరువులో పాత 'జాయి' గుంతలను మెరుగుపరిచాడు. ఎండాకాలంలోనే గట్టి నేలలో జానెడు గుంతలు తీసి, పిడికెడు పశువుల ఎరువు వేసేవాడు. ఎరువు వాసనకు చెదలు వచ్చి అడుగున సన్నని సొరంగాలు తవ్వేవి. తొలి వాన ఆ సొరంగాల్లోకి దిగేది. చెదను చూస్తే మందు కొట్టే మనకు, ఆ చెదతోనే నేల దున్నించుకున్న మనిషి తెలివి తెలుసుకోదగ్గది. 2023 డిసెంబరులో చనిపోయే నాటికి ఆయన బంజరులో అడవినే పెంచాడు.

ఇసుక కదిలే చోట ముందు గాలిని ఆపాలి. చైనాలో తెంగర్ ఎడారి అంచున షాపోతౌ దగ్గర 1958లో మొదలైన రైలు మార్గాన్ని ఇసుక కప్పేయకుండా, గోధుమ గడ్డిని మీటరుకు మీటరు చదరాలుగా ఇసుకలో గుచ్చారు. పైకి జానెడు కూడా ఉండదు. ఆ గళ్లలో గాలి వేగం తగ్గి దుమ్ము దిగుతుంది, కొన్నేళ్లకు సూక్ష్మజీవులు ఇసుక పైన సన్నని పెచ్చు కడతాయి, ఆ పెచ్చు మీద గడ్డి మొలుస్తుంది. మన జోధ్‌పూర్ శుష్కమండల పరిశోధన సంస్థ, కాజ్రీ, ముళ్లకంపతో దిబ్బల మీద వరుసలు కట్టి మధ్యలో గడ్డి, చెట్లు వేయించింది. అనంతపురం జిల్లా కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు వేదవతి ఇసుక పొలాల మీదికి కమ్ముకొస్తున్న ఊళ్లకు ఈ విద్య చాలా దగ్గరిది.

నీరు నిలవని ఇసుకకు బంకమట్టి పట్టించే పద్ధతి నార్వేలో పుట్టి ఎమిరేట్స్‌లో పరీక్షకు వచ్చింది. మట్టిని నీటిలో అతి సన్నగా కలిపి చల్లితే ఇసుక రేణువులకు పూతలా పడుతుంది. తెలంగాణ రైతుకు దాని సూత్రం చెప్పనక్కర్లేదు. చెరువు మట్టి ట్రాక్టర్లకెత్తి చల్కలో పోసుకోవడం అదే కదా.

ఇక చెట్టు. ఏ చెట్టన్నది చాలామంది తేలిగ్గా తీసుకుంటారు, దెబ్బతినేది అక్కడే. సర్కారు తుమ్మ పేరులోనే దాని చరిత్ర ఉంది. 1870లలో మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారులు కరువు నేలల కోసం అమెరికా ఖండపు విత్తనాలు తెప్పించి కడప ప్రాంతంలో వేయించారు. త్వరగా పెరిగింది, వంటచెరకు ఇచ్చింది, మేకలు కాయలు తిని విత్తనాలు ఊరూరా చల్లాయి. ఇప్పుడు చెరువు శిఖం నుంచి పొలం గట్టు దాకా అదే. కచ్‌లోని బన్నీ గడ్డిభూములను అది మింగేస్తే అక్కడివాళ్లు దానికి 'పిచ్చి తుమ్మ' అని అర్థమొచ్చే పేరు పెట్టారు. దసరా నాడు మనం బంగారమని చేతిలో పెట్టుకునే జమ్మి దానికి దాయాది. థార్‌లో దాన్నే ఖేజ్‌రీ అంటారు. వేరు పదుల అడుగుల లోతుకు దిగుతుంది, పైనున్న సజ్జ పంటతో తడికి పోటీ పడదు, నేలకు నత్రజని ఇస్తుంది. ఆకు పశువులకు, లేతకాయ కూరకు. 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజ్‌డ్లీలో ఈ చెట్లను నరకనివ్వకుండా అమృతాదేవి సహా 363 మంది బిష్ణోయిలు, అంటే చెట్టునూ జీవాన్నీ కాపాడడం ధర్మమని నమ్మే సమాజంవాళ్లు, ప్రాణాలిచ్చారు. జమ్మి నిదానంగా పెరుగుతుంది. లెక్కలు చూపించాల్సిన పథకాలకు అది నచ్చదు.

నాటడం కూడా ప్రతిచోటా అవసరం లేదు. నైజర్‌లో టోనీ రినాడో అనే ఆస్ట్రేలియా వ్యవసాయ నిపుణుడు నాటిన మొక్కలు నాటినట్టే చచ్చిపోతుంటే, 1983లో ఒకరోజు పొలాల్లో పొదల్లా కనిపించేవి పొదలు కావనీ, నరికిన చెట్ల మోడుల నుంచి వచ్చే పిలకలనీ గుర్తించాడు. కింద వేరు బతికే ఉంది. పిలకల్లో బలమైనవి కొన్ని ఉంచి మిగతావి కోసేసి, పశువులు పడకుండా కాపాడితే చాలు. రైతు నుంచి రైతుకు పాకి దాదాపు 50 లక్షల హెక్టార్లలో చెట్లు తిరిగొచ్చాయి. ఆఫ్రికా సమాఖ్య 2007లో 8,000 కిలోమీటర్ల పచ్చని గోడ అని మొదలుపెట్టిన పథకం కూడా గోడ ఆలోచన నుంచి మెల్లగా ఇటే మళ్లింది. మన దగ్గర పటాన్‌చెరులోని మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1999 నుంచి రంగారెడ్డి జిల్లా కొత్తపల్లిలో రైతులతో కట్టించిన చెక్‌డ్యాములు, గట్ల మీద పచ్చిరొట్ట కోసం పెంచిన గ్లైరిసీడియా చెట్లు, బావుల్లో పైకొచ్చిన నీరు ఇదే దారిలోవి.

చెట్టు ఎక్కువైనా చిక్కే. ఇజ్రాయెల్‌లో 280 మి.మీ. వాన పడే చోట 1964 నుంచి పెంచిన యాతీర్ పైన్ అడవిని కొలిచిన శాస్త్రవేత్తలు 2010లో ఒక సంగతి చెప్పారు. తెల్లటి ఇసుక తిప్పికొట్టే ఎండను నల్లటి అడవి పీల్చుకుంటుంది. అడవి పట్టుకునే కర్బనం ఆ వేడిని సరిదిద్దడానికి దశాబ్దాలు పడుతుంది. చైనాలో గాలి తెచ్చిన మెత్తని మట్టితో ఏర్పడిన లోయెస్ పీఠభూమిలో కొత్త వనాలు వానకు మించి తాగే హద్దుకు చేరుతున్నాయని 2016లో లెక్క తేలింది. నిజమైన ఎడారికి చేసే పని కూడా ఉంది. చాద్‌లో ఎండిపోయిన బొదేలే సరస్సు ధూళి అట్లాంటిక్ దాటి అమెజాన్ అడవికి వెళుతుంది. సహారా నుంచి అలా చేరే భాస్వరం ఏడాదికి సుమారు 22,000 టన్నులని 2015లో అంచనా వేశారు. పదకొండు వేల ఏళ్ల కిందటి నుంచి ఐదు వేల ఏళ్ల కిందటి దాకా సహారా పచ్చగానే ఉండేది. భూమి తిరిగే తీరులో వచ్చిన మార్పు రుతుపవనాలను అక్కడికి లాగింది, ఆ మార్పే వెనక్కి తీసుకుపోయింది. అది పైపులతో జరిగింది కాదు. అందుకే నా మొగ్గు స్పష్టం: అసలు ఎడారిని దాని మానాన ఉండనిచ్చి, మనిషి చేతుల్లో బంజరైపోయిన అంచు నేలల మీద డబ్బూ బుద్ధీ పెట్టాలి.

జూన్ మొదట్లో వాడి సెలవు అయిపోయే ముందు ఇద్దరం జగిత్యాల పోయాం. అప్పటికే చెరువు మట్టి ఆరు ట్రాక్టర్లు తోలించాడు. చల్క మీద నల్ల కుప్పలు వరుసగా ఉన్నాయి. పడమటి గట్టు దగ్గర చిన్నాయన ఏటా దున్నేముందు కొట్టేసే జమ్మి మోడు ఉంది. చుట్టూ మోకాలెత్తు పిలకలు ఏడు. వాడు వంగి ఒక్కొక్కటీ పట్టి చూశాడు, అక్కడ డ్రిప్పు పైపులు చూసే చేతులతోనే. నాలుగు కోసేసి మూడు వదిలాడు, చుట్టూ సర్కారు తుమ్మ కంప తెచ్చి కంచె వేశాడు.

దసరాకు దుబాయ్ నుంచి ఫోన్ చేశాడు. పండుగ ముచ్చట్లు ఒక్క నిమిషంలో అయిపోయాయి.

"ఊరికి పోయినవా అన్నా? మేకలు పడలేదు గదా?"

"రెండు మంచిగున్నయి. ఒకదాన్ని తిన్నయి. మీ నాయన కంప ఇంకో వరుస పెట్టిండు" అన్నాను.